ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పాను

మా లైబ్రరీలో ప్రభుత్వ ప్రచురణల విభాగంలో నేను పనిచేయబట్టి 18 ఏళ్లయింది. ఇన్నేళ్లలో "లేదండీ" అని ఎందరిని పంపించేశానో లెక్కలేదు. వాటిలో ఒక్కటి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఒక మధ్యాహ్నం రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చారు. 70 దాటి ఉంటాయి. చేతిసంచిలోంచి మడతలు నలిగిన కాగితం తీసి నా ముందు పెట్టారు. దాని మీద ఆవిడ పుట్టిన ఊరి పేరు, కింద "ముంపు గ్రామాల సర్వే" అన్న మాట ఉన్నాయి. రిజర్వాయరు కట్టినప్పుడు ఆ ఊరు నీళ్లలో కలిసిపోయింది. కట్టకముందు ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకున్నారని, అదంతా పుస్తకంగా అచ్చేశారని వాళ్ల నాన్నగారు చెప్తూ ఉండేవారట. "ఊరు ఎలాగూ లేదు. అందులో మా నాన్న పేరుంటే ఒక్కసారి చూసుకోవాలని ఉంది బాబూ" అన్నారు.

కంప్యూటర్లో "ముంపు గ్రామాలు" అని కొట్టాను. ఏమీ రాలేదు. ఊరి పేరు కొట్టినా అంతే. రిజర్వాయరు పేరు కొడితే ఇంజనీర్లు రాసిన పుస్తకాలు రెండు వచ్చాయి, వాటిలో ఆనకట్ట ఎత్తు, కాంక్రీటు లెక్కలు తప్ప మనుషుల ఊసే లేదు. "మా దగ్గర లేదమ్మా" అన్నాను. ఆవిడ కాగితం మళ్లీ జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, "పోనీలే బాబూ, నీ పని మాన్పించాను" అని వెళ్లిపోయారు.

మూడు నెలల తర్వాత స్టాక్ వెరిఫికేషన్ వచ్చింది. చివరి వరసలో అన్నిటికన్నా కింది అరలో ఎర్ర బైండింగు పుస్తకం ఒకటి కనబడింది. వెన్ను మీద "అనుబంధాలు" అని తప్ప ఇంకో అక్షరం లేదు. యాక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీలో చేరినప్పుడు పుస్తకానికి వేసే వరస నంబరు, చూద్దామని తెరిచాను. లోపలంతా పట్టికలే. క్రమసంఖ్య, ఇంటి నంబరు, కుటుంబ పెద్ద పేరు, తండ్రి పేరు, భూమి ఎన్ని ఎకరాలు, ఇల్లు పెంకుటిల్లా పూరిల్లా, పశువులెన్ని, చెట్లెన్ని. ఊరు మారినప్పుడల్లా పేజీ పైన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ పేర్లలో ఆవిడ ఊరు కూడా ఉంది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. తర్వాత లేచి దాని కేటలాగు రికార్డు తీసి చూశాను. పుస్తకం పేరు: "నివేదిక". రచయిత: ఎప్పుడో ఇంకో శాఖలో కలిసిపోయిన ఒక శాఖ. సంపుటాలు: 4. విషయం: "నిర్వాసితులు – పునరావాసం". ఇంతే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, నియమాల ప్రకారం వేలెత్తి చూపడానికీ లేదు. కానీ ముంపు అన్న మాట లేదు, రిజర్వాయరు పేరు లేదు, ఊళ్ల పేర్లు లేవు, నాలుగో సంపుటమైన ఈ ఎర్ర పుస్తకంలో ఏముందో లేదు. రికార్డు చేసినవారి పొడి అక్షరాలు కింద ఉంటాయి. అవి నావే.

అప్పట్నుంచి ప్రభుత్వ ప్రచురణల కేటలాగు గురించి నా ఆలోచన మారిపోయింది. ఆ మారిందేమిటో రాసుకోవాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

మామూలు పుస్తకాన్ని జనం రచయిత పేరుతోనో పుస్తకం పేరుతోనో అడుగుతారు. ఆ రెండూ అట్ట మీదే ఉంటాయి. ప్రభుత్వ ప్రచురణ అలా కాదు. దాన్ని రాసింది ఒక కార్యాలయం, పేరు చూస్తే "నివేదిక", "వార్షిక నివేదిక", "గణాంకాలు" లాంటివి వందల పుస్తకాలకు ఒకటే ఉంటాయి. జనం నోట్లో మాత్రం దానికి ఇంకో పేరు ఉంటుంది. అందరూ మండల్ కమిషన్ రిపోర్టు అంటారు, అట్ట మీద మాత్రం ఉన్నది వెనకబడిన తరగతుల కమిషన్ నివేదిక. 1980లో అది ఇచ్చేటప్పటికే, 1955లో కాకా కలేల్కర్ అధ్యక్షతన ఇచ్చిన నివేదిక ఒకటి ఉంది. అదీ వెనకబడిన తరగతుల కమిషన్ నివేదికే. ఇద్దరి పేర్లూ రికార్డులో ఎక్కించకపోతే ఏది ఏదో అటెండరుకూ తెలీదు, పాఠకుడికీ తెలీదు. బ్రిటన్‌లో సామాజిక భద్రత మీద 1942లో వచ్చిన బెవరిడ్జ్ రిపోర్టు అసలు పేరు "సోషల్ ఇన్సూరెన్స్ అండ్ అలైడ్ సర్వీసెస్". ఆ పేరు చెప్పి అడిగే పాఠకుడు నూటికి ఒక్కడైనా ఉంటాడా? అమెరికాలో కెనెడీ హత్య మీద వేసిన వారెన్ కమిషన్ నివేదిక 1964లో వచ్చింది, 888 పేజీలు. దాని వెంట సాక్ష్యాలూ ఆధారాలూ 26 సంపుటాలు అచ్చయ్యాయి. పరిశోధకుడికి కావలసింది ఎక్కువగా ఆ 26లోనే ఉంటుంది. "26 సంపుటాలు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఎవరి వాంగ్మూలం ఎందులో ఉందో తెలుసుకోవడానికి వాటన్నిటినీ దించి చూడాల్సిందే.

ఇక రచయిత సంగతి. ఒక శాఖను, ఒక కమిటీని రచయిత అనొచ్చా అన్న వాదన కేటలాగు పండితుల్లో శతాబ్దం పైన నడిచింది. 1876లో అమెరికా లైబ్రేరియన్ చార్లెస్ కటర్ తన కేటలాగు నియమాల్లో, సంస్థలు తమ పేరుతో ప్రచురించిన వాటికి ఆ సంస్థలే రచయితలని తేల్చారు. 1934లో మన లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ రాసిన క్లాసిఫైడ్ కేటలాగ్ కోడ్ కూడా సంస్థను రచయితగా ఒప్పుకుంది. జర్మనీలో పుట్టిన ప్రష్యన్ నియమాలు పాటించే లైబ్రరీలు మాత్రం ఒప్పుకోలేదు, వ్యక్తి పేరు లేకపోతే పుస్తకం పేరు కిందే చేర్చేవి. ఎవరి వాదన సరైనదో నాకక్కర్లేదు. నాకు తెలిసిన బాధ వేరు. మనిషి పేరు ఒకసారి పెడితే ఉండిపోతుంది, శాఖ పేరు మాత్రం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది. ఒక శాఖ రెండవుతుంది, రెండు కలిసి ఒకటవుతాయి, పేరులోంచి "గ్రామీణ" పోయి "అభివృద్ధి" వచ్చి చేరుతుంది.

దీనికి నాకు బాగా గుర్తుండిపోయిన ఉదాహరణ అమెరికా ప్రభుత్వ ప్రచురణల వర్గీకరణ. ఆడిలెయిడ్ హాస్ అనే లైబ్రేరియన్ 1890ల్లో లాస్ ఏంజెలస్ పబ్లిక్ లైబ్రరీలో దీనికి పునాది వేశారు. 1895లో ప్రింటింగ్ చట్టం వచ్చినప్పుడు వాషింగ్టన్ వెళ్లి డాక్యుమెంట్ల లైబ్రరీని నిలబెట్టారు. పుస్తకం దేని గురించి అన్నది కాక, ఏ కార్యాలయం వేసింది అన్నదాన్ని బట్టి నంబరు ఇవ్వడం ఆ పద్ధతి. వ్యవసాయ శాఖవన్నీ "ఏ" కింద, కార్మిక శాఖవన్నీ "ఎల్" కింద. సర్దడం సులువు. కానీ పిల్లల సంక్షేమం చూసే చిల్డ్రన్స్ బ్యూరో ఉంది. 1912లో వాణిజ్య కార్మిక శాఖలో పుట్టింది, మరుసటి ఏడాది కార్మిక శాఖకు వెళ్లింది, 1946లో ఫెడరల్ సెక్యూరిటీ ఏజెన్సీకి, 1953లో ఆరోగ్య విద్యా సంక్షేమ శాఖకు మారింది. ఇలా ఇళ్లు మారుతూ పోగా కాలక్రమంలో దాని పుస్తకాలు "ఎల్" నుంచి "ఎఫ్.ఎస్."కి, అక్కణ్నుంచి "హెచ్.ఇ."కి మారాయి. పనిచేసేది అదే బ్యూరో, పుస్తకాలు మాత్రం పలు చోట్ల. వాటిని కలిపి చూపించగలిగేది కేటలాగులోని "ఇది కూడా చూడండి" అన్న మాట ఒక్కటే.

ఆ నంబర్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. చుక్క తర్వాత వచ్చేది దశాంశం కాదు, పూర్తి అంకె. అందుకని ఏ 1.9 తర్వాత ఏ 1.10 రావాలి. మామూలు లైబ్రరీల్లో వాడే డ్యూయీ వర్గీకరణ దశాంశాలకు అలవాటుపడ్డ చెయ్యి 1.10ని తీసుకెళ్లి 1.1 పక్కన పెట్టేస్తుంది. అలా పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క. కొత్తగా అరలు సర్దడానికి వచ్చిన వాళ్లకు నేను ముందు నేర్పేది ఇలాంటివే. ఏ వర్గీకరణలోనైనా ఇలాంటి గోతులు నాలుగైదు ఉంటాయి.

అమెరికాలో డాక్యుమెంట్లు ఉచితంగా అందుకుని ప్రజలకు చూపించే డిపాజిటరీ లైబ్రరీలు 1,100 దాకా ఉన్నాయి. అంత పెద్ద ఏర్పాటు ఉన్నచోట కూడా, ప్రభుత్వ ముద్రణ కార్యాలయం లైబ్రరీలన్నీ వాడే ప్రమాణాలతో కంప్యూటర్ రికార్డులు చేయడం మొదలుపెట్టింది 1976లో. అంతకు ముందువాటికి 1895 నుంచి నెలనెలా అచ్చయిన మంత్లీ కేటలాగే దిక్కు. దాన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. ఏ దేశంలోనైనా లైబ్రరీ కంప్యూటర్లో లేనంత మాత్రాన పుస్తకం లేనట్టు కాదు. పాత కార్డులు చూడాలి, అచ్చు జాబితాలు చూడాలి, యాక్సెషన్ రిజిస్టరు తిరగేయాలి. ఆ రోజు నేను టీచరమ్మ కోసం వీటిలో ఒక్కటీ చేయలేదు.

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు "అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా" అంటారు. స్కాన్ చేయాలి, నేను కాదనను. చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలే కాగితాలు మా దగ్గర బోలెడున్నాయి. కానీ మేము చేయించిన మొదటి విడత స్కాన్ ఫైళ్లకు పేర్లు ఏమిటో తెలుసా? "స్కాన్ 0047", "స్కాన్ 0048". అరలో దొరకని పుస్తకం ఇప్పుడు తెర మీద దొరకదు, అంతే తేడా. మిషన్ అక్షరాలు చదివేస్తుందిగా అంటారు. పాత సీసం అచ్చులో వచ్చిన తెలుగును మిషన్ చదవడం ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. ఒత్తు అరిగిపోయిన చోట అక్షరం వేరైపోతుంది, "ఘ" "ఫు" అవుతుంది, పట్టికలో రెండు గడుల్లోని పేర్లు కలిసి ఒకే మనిషి పేరవుతాయి. పైగా మడతపెట్టి వెనక జేబులో ఉంచిన మ్యాపుల్ని ఎవరూ విప్పరు. మేము స్కాన్‌కి ఇచ్చినవాటిలో మూడు పుస్తకాల మ్యాపులు అలాగే ఉండిపోతే మళ్లీ పంపించాల్సి వచ్చింది.

నెట్‌లో లింకు చచ్చిపోవడం ఇంకో గోడు. శాఖ వెబ్‌సైటు కొత్తగా కట్టిన రోజున పాత చిరునామాలన్నీ పోతాయి. లైబ్రరీల కేటలాగులు కలిపి నడిపే ఓసీఎల్‌సీ సంస్థ 1995లో పర్ల్ అనే శాశ్వత చిరునామాల పద్ధతి తెచ్చింది ఇందుకే. కేటలాగులో మారని చిరునామా ఒకటి ఉంటుంది, అసలు ఫైలు ఎక్కడికి మారినా వెనక ఒక్కచోట సరిచేస్తే చాలు. అది కూడా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని సరిచేస్తేనే. అందుకే నా మటుకు నేను ముఖ్యమైన ఫైలును లింకుగా వదిలేయను, ఒక కాపీ దించి మా సర్వర్లో పెడతాను.

ఇప్పుడు నేను ఎలా చేస్తున్నానో చెప్తాను. కొత్త నివేదిక చేతికొస్తే పేరు పేజీ చూసి ఆగిపోను. ముందు సమర్పణ లేఖ చదువుతాను. అధ్యక్షుడెవరో, ఏ తేదీన ఎవరికి అందజేశారో అందులోనే ఉంటుంది. జనం పిలవబోయే పేరు కూడా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. తర్వాత కమిటీని వేసిన ఉత్తర్వు. ఏ విషయాలు పరిశీలించమన్నారో చదివితే విషయ శీర్షికలు వాటంతట అవే తేలతాయి. ఆ తర్వాత నేరుగా అనుబంధాలకు వెళ్తాను. ఊళ్ల జాబితా ఉందా, మనుషుల పేర్లున్నాయా, మ్యాపులెన్ని, భిన్నాభిప్రాయ పత్రం ఏమైనా ఉందా. ఇవన్నీ రికార్డులో విషయ సూచికగా ఎక్కిస్తాను. అరగంట పడుతుంది. పేరు పేజీ చూసి చేస్తే ఐదు నిమిషాల పని.

అన్నిటికీ అరగంట పెట్టలేమని నాకూ తెలుసు. పెట్టక్కర్లేదు కూడా. ఏటేటా వచ్చే వార్షిక నివేదికలకు ధారావాహికంగా మంచి రికార్డు ఒకటి చేసి, వచ్చిన సంచికల్ని కింద కలుపుకుంటూ పోతే సరిపోతుంది. సర్క్యులర్లను కట్టగట్టి ఏడాది వారీగా చూపినా ఫరవాలేదు. కానీ మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఉన్నవాటి దగ్గర మాత్రం నేను తొందరపడను. సర్వేలు, విచారణ కమిషన్లు, భూమి రికార్డులు, గెజిట్లు ఆ కోవలోవి. లైబ్రరీ మెట్లెక్కి వచ్చేవాళ్లు అడిగేది వాటినే. ఉద్యోగం నోటిఫికేషన్ ఏ తేదీ గెజిట్‌లో వచ్చిందో అడుగుతారు, తాత పేరు మీద భూమి ఎప్పుడు తీసుకున్నారో అడుగుతారు. అది దొరకడం దొరక్కపోవడం మీద వాళ్ల పెన్షనో పరిహారమో ఆధారపడి ఉంటుంది.

కౌంటరు మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎవరేం అడిగినా వాళ్ల నోటి మాట నోటి మాటగా రాస్తాను. "కరువు కమిటీ పుస్తకం". "రేషన్ మీద వేసిన రిపోర్టు". "ఆకుపచ్చ అట్ట జనాభా లెక్కలు, మా తాలూకావి". మేము "నిర్వాసితులు" అని రాస్తే వాళ్లు "ముంపు వాళ్లు" అంటారు, మేము "అనావృష్టి" అంటే వాళ్లు "కరువు" అంటారు. వారానికోసారి కూర్చుని ఆ మాటల్ని రికార్డుల్లో ఎక్కిస్తాను. పాత నిఘంటువుల్లో "చూ." అని ఉంటుందే, అదే పని. ప్రామాణిక శీర్షిక ఎక్కడికీ పోదు, దానికి ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఈ విభాగంలో నేను చేసిన మార్పుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడ్డది ఇంకోటి లేదు. నోటు పుస్తకం రెండోది కూడా నిండుతోంది.

మానేసిన అలవాటు కూడా ఒకటుంది. మా విభాగం గది తాళం వేసి ఉండేది. ఎవరైనా వస్తే "ఎందుకండీ మీకు?" అని అడిగేవాళ్లం, ఉత్తరం తెమ్మనేవాళ్లం. ప్రజల డబ్బుతో అచ్చేసి, ప్రజలు చదవడానికి పంపించిన పుస్తకానికి కారణం ఎందుకు చెప్పాలి? భారత సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, దాని 4వ సెక్షన్ మొదట్లోనే ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులను కేటలాగు చేసి, సూచికలు తయారుచేసి ఉంచాలని ఉంది. అడిగితే ఇవ్వడం తర్వాత సంగతి, ముందు ఉన్నదేమిటో తెలిసేలా ఉంచాలని. ఆ వాక్యాన్ని ప్రింటు తీసి నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. గది ఇప్పుడు తెరిచే ఉంటుంది. భయపడ్డట్టు పుస్తకాలేమీ పోలేదు.

టీచరమ్మ విషయానికొస్తాను. ఆవిడ ఆ రోజు విజిటర్స్ రిజిస్టరులో సంతకం చేశారు, అడ్రసు రాశారు. ఉత్తరం రాశాను. పుస్తకం దొరికిందని, ముందు లేదని చెప్పడం నా తప్పేనని రాశాను. పది రోజులకు మనవణ్ని వెంటపెట్టుకుని వచ్చారు. ఎర్ర పుస్తకం టేబుల్ మీద పెట్టి, ఆ ఊరి పేజీ తీసి, నేను పక్కకు జరిగాను.

ఆవిడ వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టారు. వాళ్ల నాన్న పేరు 63వ వరసలో ఉంది. నేను ముందే చూసుకున్నాను కానీ చెప్పలేదు. ఆవిడా తొందరపడలేదు. "ఈయన మా వీధి చివర, రావిచెట్టు పక్కన... వీళ్లకి రెండు గేదెలే అని రాశారు, మూడుండేవి..." అంటూ ఇల్లిల్లూ తిరిగినట్టే వచ్చారు. 63 దగ్గర వేలు ఆగింది. పెంకుటిల్లు, నాలుగున్నర ఎకరాలు, వేపచెట్లు రెండు, చింతచెట్టు ఒకటి. చాలాసేపు మాట్లాడలేదు. మనవడు ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు, నేను ఆ పేజీలు జెరాక్స్ తీయించి ఇచ్చాను.

వెళ్లబోతూ ఆగి, "బాబూ, ఊరి పేరు తప్పు వేశారు చూశావా?" అన్నారు. పుస్తకంలో చివర "పాడు" అని ఉంది. "పాడు కాదు, పాలెం. పాడు అని మమ్మల్ని ఎవరూ పిలవలేదు."

అచ్చులో ఉన్నదాన్ని దిద్దే అధికారం నాకు లేదు. కేటలాగు రికార్డులో అచ్చు పేరు ఉన్నట్టే ఉంచి, దాని కిందే ఆవిడ చెప్పిన పేరు కూడా కొట్టాను. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆవిణ్నే పక్కన కూర్చోబెట్టి చూపించాను. "ఇప్పుడు వెతుకు" అన్నారు. పాలెం అని కొట్టాను. ఎర్ర పుస్తకం వచ్చింది.